ఇంటి షెడ్డులో రాళ్లెక్కే బండి కట్టాలంటే: జిప్సీనా, పాత జీపా, థారా?

బండి కట్టాలని మనసు పడ్డవాళ్లు నన్ను మొదట అడిగేది ఎప్పుడూ టైర్ల గురించే. "అన్నా, 33 ఇంచులు వేయొచ్చా? 35 పడతాయా?" అని. టైరు ఆఖరున చూసుకోవాల్సిన సంగతి. రాళ్ల మీద బండిని ఎక్కించేది నెమ్మది. ఎత్తు, టైర్లు, హార్స్ పవర్ అన్నీ దాని తర్వాతే. మనిషి నడక కన్నా నిదానంగా, క్లచ్ మీద కాలు పెట్టకుండా, ఇంజన్ ఐడిల్‌లో కొట్టుకుంటుండగానే ఒక గుండు ఎక్కి అవతల దిగగలిగితే అదీ రాళ్ల బండి. క్లచ్ నొక్కి వదిలి, రేజ్ చేసి ఎగిరి దూకించే బండి ఆ రోజుకి ఎక్కుతుందేమో గానీ సాయంత్రానికి ఏదో ఒకటి విరిగి తాడు కట్టించుకుని ఇంటికొస్తుంది.

నేనుండేది హైదరాబాద్ శివార్లలో, ఇంటి పక్కన పన్నెండు అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు రేకుల షెడ్డు ఉంది. అందులో ముందు ఒక డీజిల్ జీపు కట్టాను, దాన్ని అమ్మేసి జిప్సీ కట్టాను, ఆ తర్వాత ఒక స్నేహితుడి థార్‌కి కొంత పని చేశాం. కాబట్టి మూడింటి కిందా పడుకున్నవాడిగా చెప్తున్నాను.

ముందు ఒక లెక్క. దీన్ని క్రాల్ రేషియో అంటారు. ఫస్ట్ గేర్ రేషియోని, ఫోర్ బై ఫోర్‌లో నిదానంగా పోవడానికి ఉండే 'లో రేంజ్' గేర్ రేషియోతో, దాన్ని మళ్లీ యాక్సిల్ మధ్యలో చక్రాలను తిప్పే క్రౌన్ పినియన్ పళ్ల రేషియోతో గుణించడమే. జిప్సీ కింగ్ తీసుకోండి: ఫస్ట్ గేరు 3.65, లో రేంజ్ 2.27, క్రౌన్ దగ్గర దాదాపు 3.9. గుణిస్తే 32 వస్తుంది. అంటే ఇంజన్ 32 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. ఐడిల్ 800 ఆర్‌పీఎం అనుకుంటే కంపెనీ టైర్ల మీద బండి గంటకు సుమారు 3 కిలోమీటర్లు పోతుంది, మామూలు నడక కన్నా తక్కువ. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. ఇప్పుడు ఆ 26 ఇంచుల టైర్లు తీసేసి 31 ఇంచులవి వేయండి. ఒక్క రౌండుకి పోయే దూరం పెరుగుతుంది, వేగం 3.7కి పోతుంది, లాగే శక్తి ఆరో వంతు దాకా పోతుంది. క్రాల్ రేషియో 32 నుంచి 27కి పడిపోయినట్టే. టైర్లు ముందు కొన్నవాళ్లంతా తెలియకుండా చేసే నష్టం ఇది. పెద్ద టైరు వేశాం, బండి ఎత్తు పెరిగింది, చూడ్డానికి గంభీరంగా ఉంది, రాయి దగ్గరికి పోతే ఇంజన్ ఆగిపోతుంది.

రాణిగంజ్‌లో గేర్ల పని చేసే ఒక పెద్దాయన ఉండేవాడు, అందరం ఉస్తాద్ అనేవాళ్లం. జీపుకి ఎంత ఎత్తు లేపాలని అడగడానికి పోతే ఆయన చెప్పిన మాట, "ఎత్తు తర్వాత జూద్దాం, ముందు పళ్లు లెక్కపెట్టుకుని రా." ఆయన చెప్పిన పద్ధతి మీకూ చెప్తాను, బండి కొనేముందు పది నిమిషాల పని. గేరు న్యూట్రల్, టూ వీల్‌లో పెట్టి, ముందు చక్రాలకు ఇటుకలు గట్టిగా అడ్డం పెట్టి, వెనక ఒక్క చక్రాన్నే జాకీతో లేపి హ్యాండ్ బ్రేక్ వదలండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద సుద్దముక్కతో ఒక గీత, టైరు మీద ఒక గీత. లేపిన చక్రాన్ని చేత్తో సరిగ్గా రెండు రౌండ్లు తిప్పండి, షాఫ్ట్ ఎన్ని రౌండ్లు తిరిగిందో ఇంకొకరు పక్కనుంచి లెక్కపెట్టాలి. నాలుగుకి కొంచెం తక్కువ తిరిగితే 3.9. ఐదు దాటి ఇంకొంచెం తిరిగితే 5.38, అది పాత విల్లీస్ జీపు తరహా హౌసింగ్ (యాక్సిల్ గొట్టం, లోపలి గేర్లతో సహా). రెండు రౌండ్లు ఎందుకంటే రెండో చక్రం నేల మీద ఆగి ఉంది, లోపల రెండు చక్రాలకూ శక్తి పంచే డిఫరెన్షియల్ వాటి సగటు మాత్రమే తిరుగుతుంది. పాత జీపుల్లో ఇది తప్పనిసరి, ఎందుకంటే ముప్పై ఏళ్లలో ఎవరెవరో ఏ హౌసింగ్ దొరికితే అది వేసుంటారు. ముందు యాక్సిల్‌కీ ఇదే పరీక్ష చేసి రెండూ ఒకే లెక్క వచ్చిందో లేదో చూడాలి, అక్కడ చక్రాన్ని యాక్సిల్ నుంచి విడదీసే ఫ్రీ వీల్ హబ్‌లు ఉంటే లాక్‌లో పెట్టి తిప్పాలి. ముందు ఒకటి వెనక ఒకటి ఉన్న బండిని ఫోర్ బై ఫోర్‌లో పెడితే గట్టి నేల మీద అదే దాన్ని విరగ్గొట్టుకుంటుంది.

ఇక అసలు పోలిక.

జిప్సీ. అమెరికాలో 1985 నుంచి 1995 దాకా సమురాయ్ పేరుతో అమ్మిన బండి, మన జిప్సీ ఒకే కుటుంబం. అక్కడివాళ్లు ఇళ్లల్లో రాళ్ల బండ్లు కట్టుకోవడానికి దాన్ని ఎంతగా వాడారంటే, జిప్సీకి ఏ పార్టు కావాలన్నా ఎవరో ఒకరు ముందే ఆలోచించి తయారుచేసి ఉంటారు. పైగా ఆ సమురాయ్ వీల్ బేస్ 2030 మిల్లీమీటర్లే, మన జిప్సీది 2375. మెట్టులాంటి రాయి ఎక్కేటప్పుడు పొట్టి బండి వెనక్కి పడిపోతుందని అక్కడ కొందరు ముందు యాక్సిల్‌ని ముందుకి, వెనకదాన్ని వెనక్కి జరిపి వెల్డింగ్ చేసుకుంటారు. మనకి ఆ పొడవు కంపెనీయే ఇచ్చింది. బరువు టన్నుకి కాస్త తక్కువ. రాళ్ల మీద బరువు తక్కువ ఉండటం ఎంత వరమో డీజిల్ జీపు నుంచి దీనికి మారాకే నాకు తెలిసింది: ఇరుక్కుంటే నలుగురు మనుషులు పక్కకి నెట్టగలరు.

ఇంటి షెడ్డు లెక్కలో జిప్సీకున్న అతి పెద్ద సుగుణం ఇంకోటుంది. దాని ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే శక్తిని ముందు వెనక యాక్సిళ్లకి పంచే, లో రేంజ్ ఉండే పెట్టె, గేర్ బాక్స్‌కి అతుక్కుని ఉండదు, వేరుగా ఛాసిస్‌కి వేలాడుతుంది, మధ్యలో చిన్న షాఫ్ట్. అంటే గేర్ బాక్స్ ముట్టుకోకుండా ట్రాన్స్‌ఫర్ కేసు ఒక్కదాన్నే దింపి, బల్ల మీద పెట్టుకుని, విప్పి, గేర్లు మార్చి మళ్లీ ఎక్కించొచ్చు. ఒక మనిషి, సాయానికి ఇంకొక మనిషి, ఒక ఆదివారం. దాన్లో వేసే 4.16 లో రేంజ్ గేర్ల సెట్ బయటి దేశాల్లో దొరుకుతుంది. అది వేస్తే మనం ఇందాక లెక్కేసిన 32 కాస్తా 60 దగ్గరికి పోతుంది. 31 ఇంచుల టైర్ల మీద కూడా ఐడిల్‌లో గంటకు 2 కిలోమీటర్లు. పసిపిల్లాడి తప్పటడుగుల్లా పోతుంది బండి. నా జిప్సీ మీద పెట్టిన డబ్బంతటిలో ఈ గేర్లకి పెట్టిందే నూటికి నూరుపాళ్లు గిట్టుబాటైంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. 1.3 లీటర్ల పెట్రోల్ ఇంజన్‌కి కింద లాగుడు తక్కువ, పైన తిరిగితేనే బలం, అందుకే గేర్లు ముందు అంటున్నాను. 2000కి ముందు బండ్లలో కార్బొరేటర్, బండి బాగా ఒరిగినప్పుడు పెట్రోలు అటో ఇటో అయి ఆగిపోతుంది, కాబట్టి ఎంపీఎఫ్ఐ, అంటే పెట్రోలుని కొలిచి చిమ్మే ఇంజెక్షన్ ఉన్న బండే వెతకండి. ముందు చక్రాల దగ్గరుండే, చక్రం పక్కకి తిరిగినా శక్తి అందించే సీవీ జాయింట్లు 31 ఇంచుల దాకా ఓర్చుకుంటాయి, 33 వేసి ముందు కూడా లాకర్ (దీని సంగతి కింద చెప్తాను) పెట్టి స్టీరింగ్ పూర్తిగా తిప్పి రేజ్ చేస్తే టప్ మని విరుగుతాయి. ఆ చప్పుడు ఒకసారి విన్నవాళ్లు మర్చిపోరు. ఇక తుప్పు. నేను మొదట చూసిన జిప్సీ కింద భాగమంతా నల్లగా నిగనిగలాడే అండర్ కోటింగ్, అమ్మినాయన "కొత్త బండిలా ఉంది చూడండి" అన్నాడు, నేను సంబరపడి అడ్వాన్స్ ఇచ్చేశాను. ఇంటికి తెచ్చాక వెనక కమాన్ పట్టీల (లీఫ్ స్ప్రింగుల) హ్యాంగర్ దగ్గర స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పిడి దాకా లోపలికి దిగింది. ఆ ఛాసిస్‌కి ఒక అడుగు పొడవు కొత్త రేకు వేయాల్సి వచ్చింది. కొత్తగా రంగేసిన ఛాసిస్ కన్నా మట్టి కొట్టుకుపోయిన ఛాసిస్ మేలు, ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది. స్క్రూడ్రైవర్, చిన్న సుత్తి తీసుకెళ్లి కొడుతూ చెవితో వినండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, కుళ్లింది దబ్బుమంటుంది.

ఆర్మీ వేలంలో వచ్చిన జిప్సీలు చవగ్గా దొరుకుతాయి, మంచివే, కానీ ఆర్‌సీ సంగతి తేల్చుకోకుండా డబ్బు కట్టకండి.

పాత మహీంద్రా జీపు, అంటే ఎంఎం 540, 550 లాంటివి. వీటి గురించి తక్కువ చేసి మాట్లాడితే నాకే బాధ, నేను పని నేర్చుకున్నది దీని మీదే. యాక్సిళ్లు బలమైనవి, జిప్సీ వాటికన్నా లావు. పార్టులు ఎక్కడైనా దొరుకుతాయి, విజయవాడ ఆటోనగర్‌లో ఒక ఉదయం తిరిగితే మొత్తం బండికి సరిపడా సామాను మోసుకురావచ్చు, ఏ ఊళ్లో లేత్ పెట్టుకున్న మనిషైనా దీని జాయింట్ క్రాస్ చూడగానే ఇదేదో చెప్పేస్తాడు. 2.1 లీటర్ల ప్యూజో డీజిల్ ఇంజన్‌కి గుర్రాలు తక్కువే, 60 పై చిలుకు, కానీ ఐడిల్‌లోనే లాగే గుణం ఉంది, కంప్యూటర్ లేదు, వైర్లు లేవు, ఏ ఒరుగులోనైనా ఆగదు. పాత మూడు గేర్ల విల్లీస్ తరహా సెట్టింగ్‌లో 2.8 ఫస్ట్, 2.46 లో రేంజ్, 5.38 క్రౌన్, మొత్తం 37. అంటే ఏమీ మార్చకుండానే జిప్సీ కన్నా నెమ్మది.

మరి ఎందుకు అమ్మేశాను? బరువు ఒకటి. స్టీరింగ్ రెండు, రెండు రాళ్ల మధ్య చక్రం ఇరుక్కున్నప్పుడు పవర్ స్టీరింగ్ లేని జీపుని తిప్పడం భుజాలు పోయే పని, పవర్ స్టీరింగ్ బాక్స్ పెట్టించడం మళ్లీ ఒక పెద్ద తంతు. మూడోది, చాలామంది చెప్పనిది: డీజిల్ ఇంజన్ బండి పల్టీ కొడితే ఇంజన్ ఆయిల్ ఇన్‌టేక్‌లోకి పోయి, ఆ ఆయిల్‌నే కాల్చుకుంటూ తాళం తీసేసినా ఆగకుండా రేజ్ అయిపోతుంది. గాలి దారి మూసేసే ఏర్పాటు ఒకటి డ్రైవర్ చేతికందేలా పెట్టుకోవాలి. ఇది పెట్టుకోకుండా డీజిల్ బండిని రాళ్ల మీదకి తీసుకెళ్లొద్దు, దండం పెట్టి చెప్తున్నాను.

థార్. 2010 నుంచి వచ్చిన పాతదాంట్లో సీఆర్‌డీఈ ఇంజన్ ఉన్న రకం గానీ, 2020 అక్టోబర్‌లో వచ్చిన కొత్తది గానీ, రెండింటిలోనూ ముందు సస్పెన్షన్ ఇండిపెండెంట్. రోడ్డు మీద ఇది హాయి. రాళ్ల మీద మాత్రం అడ్డుకట్టు యాక్సిలే, అంటే రెండు చక్రాల మధ్య ఒకే హౌసింగ్ ఉన్నదే నాకిష్టం. ఎందుకో చెప్తాను. జిప్సీ కుడి చక్రం రాయెక్కితే హౌసింగ్ తరాజులా వాలి ఎడమ చక్రాన్ని నేలకేసి నొక్కుతుంది, మధ్యలో ఉన్న డిఫరెన్షియల్ గుండు కూడా చక్రంతో పాటే పైకి లేస్తుంది. ఇండిపెండెంట్‌లో ఎక్కిన చక్రం ఒక్కటే లోపలికి పోతుంది, అవతలి చక్రానికి ఆ నొక్కుడు ఉండదు, గాలిలో తేలుతుంది, బండి పొట్ట కిందికి దిగుతుంది. దాన్ని తీసేసి ముందు గట్టి యాక్సిల్ పెట్టేవాళ్లు ఉన్నారు, కానీ అది ఇంటి షెడ్డు పని కాదు. థార్‌లో వెనక ఇచ్చే మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ మంచిది, చక్రం జారగానే దానంతటదే పట్టుకుంటుంది, చాలా దారులకి అదొక్కటే సరిపోతుంది. నా సలహా, థార్ ఉంటే దాన్ని కొయ్యకండి. కింద రక్షణకి స్కిడ్ ప్లేట్లు, పక్కన రాక్ స్లైడర్లు, మంచి టైర్లు వేసుకుని దానికి చేతనైనంత దూరం పోయి రండి. వారంటీ ఉన్న, ఈఎంఐ నడుస్తున్న బండి మీద గ్రైండర్ పెట్టాలంటే చెయ్యి వణుకుతుంది, వణకాలి కూడా.

జిమ్నీ అడుగుతున్నారు ఈ మధ్య. 2023లో వచ్చింది, ముందూ వెనకా అడ్డుకట్టు యాక్సిళ్లు, కాయిల్ స్ప్రింగులు, బరువు తక్కువ. పదిహేనేళ్ల తర్వాత సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో అందరూ దీని కోసమే కొట్టుకుంటారని నా నమ్మకం. ఇప్పుడు కొత్తది కొని కొయ్యడం మాత్రం వద్దు.

బేస్ బండి తేలాక అసలు గొడవ లాకర్ల దగ్గర వస్తుంది. ఒక చక్రం గాలిలోకి లేస్తే మామూలు డిఫరెన్షియల్ ఆ చక్రాన్నే తిప్పుతూ కూర్చుంటుంది, నేల మీదున్న చక్రం కదలదు. లాకర్ రెండింటినీ కలిపి తిప్పుతుంది. అతి చవకది, లోపలి చిన్న గేర్లని వెల్డింగ్ చేసేయడం. వెనక చేస్తే పని నడుస్తుంది, కాకపోతే తారు రోడ్డు మీద మలుపులో టైర్లు కీచుమంటాయి, షాఫ్ట్‌ల మీద ఒత్తిడి పడుతుంది, వెల్డింగ్ సరిగా కుదరకపోతే ఆ ముక్క ఊడి క్రౌన్ పళ్ల మధ్య పడి హౌసింగ్ మొత్తం పోతుంది. ముందు యాక్సిల్‌కి వెల్డింగ్ అసలు వద్దు, స్టీరింగ్ తిరగదు. రెండోది, చిన్న గేర్ల స్థానంలో కూర్చునే ఆటోమేటిక్ లాకర్, ఇంట్లోనే వేసుకోవచ్చు. మూడోది, ఆస్ట్రేలియా కంపెనీ ఏఆర్‌బీ చేసే రకం ఎయిర్ లాకర్, స్విచ్ నొక్కితే పట్టుకుంటుంది, మళ్లీ నొక్కితే వదులుతుంది. అన్నిటికన్నా మంచిది, అన్నిటికన్నా ఖరీదు, అమర్చేటప్పుడు క్రౌన్ పినియన్ సెట్టింగ్ తెలిసిన చెయ్యి కావాలి. ముందూ వెనకా రెండు పెట్టే డబ్బు లేకపోతే వెనక ఆటోమేటిక్ ఒకటి పెట్టి, మిగిలింది ట్రాన్స్‌ఫర్ గేర్లకి పెట్టండి. ఎయిర్ లాకర్ ఒక్కటి ఉండి 32 రేషియోతో తిరిగే బండి కన్నా ఇదే ఎక్కువ ఎక్కుతుంది.

ఎత్తు సంగతి. కమాన్ పట్టీలని యాక్సిల్ కింద నుంచి తీసి పైన పెడితే, స్ప్రింగ్ ఓవర్ అంటారు, ఐదు ఇంచుల పైన ఒక్క దెబ్బలో వస్తుంది, ఖర్చు తక్కువ. అందుకే అందరూ చేస్తారు. దాంతో వచ్చే తలనొప్పులు ఎవరూ చెప్పరు: స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రాల వైపు పోయే కడ్డీ (డ్రాగ్ లింక్) కోణం పాడై బండి తనంతట తనే పక్కకి లాగుతుంది, బలం పడినప్పుడు పట్టీలు అడ్డం తిరిగిన ఎస్ అక్షరంలా మెలిపడి షాఫ్ట్ జాయింట్ విరుగుతుంది, దానికి మళ్లీ ఒక అడ్డ కడ్డీ వేయాలి. 31 ఇంచుల టైర్లకి అంత ఎత్తు అక్కర్లేదు, మెత్తటి పట్టీలు, పొడవు షాక్ అబ్జార్బర్లు, కొంచెం ఫెండర్ కోత చాలు. పట్టీలు తీసేసి కాయిల్స్, నాలుగు లింకులు పెట్టాలనే ఆశ అందరికీ ఉంటుంది. మొదటి బండికి వద్దు. లింకుల కోణాలు తప్పితే బండి ఎక్కేటప్పుడు మోకరిల్లుతుంది, ఎందుకో అర్థం కాక నెలలు పోతాయి.

వెల్డింగ్ మిషన్ ఏది కొనాలి? సింగిల్ ఫేజ్ మీద నడిచే 200 ఆంప్స్ ఇన్వర్టర్ ఆర్క్ మిషన్ ఇంటికి చాలు. మిగ్ (తీగ దానంతటదే వచ్చే రకం) చెయ్యి తేలిక, అందంగా వస్తుంది, కానీ గ్యాస్ సిలిండర్ కావాలి, పైకి అందంగా ఉండి లోపల పట్టని అతుకు వేయడం కూడా దాంతోనే తేలిక. బ్రాకెట్లకీ హ్యాంగర్లకీ 7018 రాడ్లు వాడండి, తేమ తగలకుండా దాచండి, వానాకాలంలో నేనైతే ఇస్త్రీ పెట్టె మీద పెట్టి వేడి చేసి వాడేవాడిని, ఓవెన్ ఉంటే అదే సరైనది. మీ మొదటి యాభై అతుకులు బండి మీద కాదు, తుక్కు ముక్కల మీద వేయండి, వైస్‌లో బిగించి సుత్తితో కొట్టి విరిచి చూడండి. అతుకు కాకుండా పక్కనున్న ఇనుము వంగితే మీకు పని వచ్చినట్టు. రోల్ కేజ్ మాత్రం అనుభవం ఉన్నవాళ్ల చేత వేయించండి, సుమారు 44 మిల్లీమీటర్ల బయటి కొలత, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న సీమ్‌లెస్ పైపుతో. నీళ్ల జీఐ పైపుతో కేజ్ కట్టినవాళ్లని చూశాను, గుండె జారిపోయింది. ఆ పైపు పల్టీలో నిలవదు, పైగా దాని మీదున్న జింక్ పూత కాలినప్పుడు వచ్చే పొగ పీలిస్తే జ్వరం పట్టుకుంటుంది.

చట్టం సంగతి కూడా ఎంపికలో భాగమే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చి చెప్పింది. అంటే స్ప్రింగ్ ఓవర్, పెద్ద టైర్లు, కేజ్ వేసిన బండిని రోడ్డు మీద నడపడం కుదరదు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు చెయ్యెత్తేస్తారు. నేను నా జిప్సీని డీసీఎం లారీ మీద ఎక్కించి తీసుకెళ్తాను. ఆ కిరాయి మొదటి రోజు నుంచే బడ్జెట్‌లో రాసుకోండి. రోజూ ఆఫీసుకీ అదే బండి, ఆదివారం రాళ్లకీ అదే బండి అనుకునేవాళ్లకి నా సమాధానం థార్, కొయ్యకుండా.

ఎక్కడ తిప్పాలనేది కూడా ఆలోచించండి. మన దక్కన్ గుండ్లు 250 కోట్ల ఏళ్ల నాటివి, హైదరాబాద్ చుట్టూ వాటిని పగలగొట్టి లేఅవుట్లు వేస్తుంటే చూస్తూ పెరిగాం. మిగిలినవాటి మీద మనం టైరు మచ్చలు, ఆయిల్ మరకలు పెట్టొద్దు. మూతపడ్డ క్వారీ యజమానిని అడిగితే చాలామంది ఒప్పుకుంటారు, ఒక రోజుకి ఇంతని తీసుకుంటారు. రిజర్వు ఫారెస్టులోకి అసలు పోవద్దు.

ఇప్పుడు నన్నడిగితే, మొదటిసారి కట్టేవాళ్లు ఎంపీఎఫ్ఐ జిప్సీ తీసుకుని, ముందు ఛాసిస్ బాగుచేసుకుని, తర్వాత ట్రాన్స్‌ఫర్ గేర్లు, ఆ తర్వాత వెనక లాకర్, కేజ్, స్కిడ్ ప్లేట్లు, చివర్న 31 టైర్లు, ఈ వరసలో పోవాలి. పెద్దల జీపు ఇంట్లో ఊరికే పడి ఉన్నవాళ్లు మాత్రం జిప్సీ వెతకడం మానేసి దాన్నే కట్టండి, పవర్ స్టీరింగ్‌తో మొదలుపెట్టి. బండి కొన్న డబ్బుకి రెండింతలు చేతిలో లేకపోతే కొన్నాళ్లు ఆగండి.

షెడ్డు నేల మీద కూడా కొంచెం ఖర్చు పెట్టండి. నాది మొదట్లో ఇటుకలు పరిచిన నేల, ఒక రాత్రి జాకీ కింద ఇటుక పగిలి బండి పక్కకి వాలింది, స్టాండు ఉండబట్టి ఆగింది, నా చెయ్యి హౌసింగ్‌కి జానెడు దూరంలో ఉంది. మర్నాడే కాంక్రీటు పోయించాను. స్టాండ్లు లేకుండా బండి కిందకి తల పెట్టొద్దు, రెండు నిమిషాల పనికైనా సరే.

మొదటిసారి రాళ్ల మీదకి వెళ్లినప్పుడు టైర్లలో గాలి 15 పీఎస్ఐకి దించండి, అంతకన్నా తగ్గించాలంటే టైరు అంచుని బిగించి పట్టే బీడ్ లాక్ రిమ్ములు ఉండాలి, లేకపోతే టైరు రిమ్ము నుంచి ఊడుతుంది. కొట్టుకునే పంపు వెంట ఉండాలి. తిరిగొచ్చాక ఆ సాయంత్రమే, వేడి తగ్గాక, కమాన్ పట్టీల ఎనిమిది యూ బోల్టులకి రెండేసి చొప్పున ఉండే నట్లు పదహారూ మళ్లీ పానా పెట్టి చూడండి. కొత్త బోల్టులైతే ఒక్కొక్కటీ పావు రౌండు దాకా తిరుగుతుంది.